పాఠం 9: ఇంజిన్ కంప్యూటర్ – లోప నిర్ధారణ, మార్పిడి విధానం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంజిన్ కంట్రోల్ యూనిట్ చేసే పనిని వివరించగలుగుతారు.
• కొండ ప్రాంతాల్లో ఈ యూనిట్ దెబ్బతినడానికి గల కారణాలను గుర్తించగలుగుతారు.
• లోపం యూనిట్‌లో ఉందా, బయటి వైరింగ్‌లో ఉందా అని వరుస పరీక్షల ద్వారా తేల్చగలుగుతారు.
• యూనిట్‌ను మార్చవలసి వస్తే పాటించవలసిన దశలను, జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

9.1 ప్రస్తావన

గత పాఠంలో సెన్సార్ల గురించి, ఇంజెక్టర్ల గురించి తెలుసుకున్నారు. ఈ రెండింటి మధ్య ఉండి నిర్ణయాలు తీసుకొనే భాగం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. దీనిని ఇంజిన్ కంట్రోల్ యూనిట్ అంటారు. పొట్టిగా ఈసీయూ లేదా ఈసీఎం అంటారు. మెకానిక్ షెడ్లలో, టాక్సీ స్టాండ్లలో దీని పేరు ఒక్కటే: "కంప్యూటర్".

అరకు లోయ, పాడేరు, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు వంటి చోట్ల ప్రయాణికుల జీపులు, సరుకు వాహనాలు జనజీవనానికి ఆధారం. సంతకు మిరియాలు, పసుపు, రాజ్‌మా తీసుకువెళ్లేది ఆ బండ్లే. రాత్రివేళ గర్భిణిని ఆసుపత్రికి చేర్చేదీ చాలాసార్లు ఆ బండ్లే. అలాంటి బండి ఘాట్ రోడ్డులో ఆగిపోయినప్పుడు "కంప్యూటర్ పోయింది" అనే మాట తరచు వినిపిస్తుంది. ఆ మాట నిజమైతే యజమానికి వేల రూపాయల ఖర్చు. నిజం కాకపోతే ఆ ఖర్చు పెట్టిన తరువాత కూడా బండి కదలదు. కాబట్టి ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్న "ఈసీయూను ఎలా మార్చాలి?" అన్నది కాదు. "నిజంగా మార్చాలా?" అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

9.2 ఈసీయూ పని చేసే తీరు

కార్బురేటర్ ఉన్న ఇంజిన్‌లో గాలి, పెట్రోలు కలిసే నిష్పత్తిని జెట్లు, స్క్రూలు నిర్ణయించేవి. ఇంధనం చల్లే పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించే పద్ధతిని బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్ పేరుతో కార్లలోకి తెచ్చింది. 1979లో వచ్చిన మోట్రానిక్ ఇంధనాన్నీ, స్పార్కు సమయాన్నీ ఒకే యూనిట్ కిందికి చేర్చింది. మన దేశంలో ఉద్గార ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ ఈసీయూ లేని బండి అరుదైపోయింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

ఈసీయూ పనిని మూడు భాగాలుగా చూడవచ్చు.

(అ) సమాచారం తీసుకోవడం: క్రాంక్ సెన్సార్, కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్, గాలి పీడన సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ మొదలైన వాటి నుంచి సంకేతాలు అందుతాయి. వీటిలో చాలా సెన్సార్లకు ఈసీయూ స్వయంగా 5 వోల్టుల సరఫరా ఇస్తుంది. దీనిని రిఫరెన్స్ వోల్టేజి అంటారు.

(ఆ) లెక్క కట్టడం: తన మెమరీలోని పట్టికలతో పోల్చి, ఎంత ఇంధనం, ఏ క్షణంలో చల్లాలో ప్రాసెసర్ లెక్క కడుతుంది.

(ఇ) ఆజ్ఞ ఇవ్వడం: ఇంజెక్టర్లు, రిలేలు, ఇగ్నిషన్ కాయిల్స్, థ్రాటిల్ మోటారు వంటివాటిని లోపలి డ్రైవర్ సర్క్యూట్ల ద్వారా నడుపుతుంది.

ఈ మూడు పనులకూ ముందు కావలసినవి రెండు ఉన్నాయి: సరైన విద్యుత్ సరఫరా, సరైన ఎర్త్. ఈ రెండింటిలో ఏది తగ్గినా ఆరోగ్యంగా ఉన్న ఈసీయూ కూడా చచ్చిపోయినట్టే ప్రవర్తిస్తుంది. ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోండి.

9.3 కొండ ప్రాంతంలో ఈసీయూ దెబ్బతినడానికి కారణాలు

ఈసీయూ సాధారణంగా చాలాకాలం మన్నే భాగం. తనంతట తాను పాడవడం తక్కువ. దానిని పాడుచేసే పరిస్థితులు బయటి నుంచి వస్తాయి.

1. తేమ: తూర్పు కనుమల్లో వానాకాలం పొడవునా గాలిలో తడి ఉంటుంది. చలికాలంలో పొగమంచు పడుతుంది. ఘాట్ ఎక్కి వేడెక్కిన ఇంజిన్ రాత్రికి చల్లబడినప్పుడు కప్లర్ల లోపల నీటి చెమ్మ చేరుతుంది. కొంతకాలానికి పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది. ఇంజిన్‌ను గట్టి నీటి ధారతో కడగడం వల్ల కూడా ఇదే ప్రమాదం ఉంది.

2. కుదుపు: గూడేలకు వెళ్లే మట్టి రోడ్ల మీద వైరింగ్ కట్ట బ్రాకెట్లకు రాసుకొని పై తొడుగు అరిగిపోతుంది. ఈసీయూ లోపల టంకం అతుకులు కూడా సన్నగా పగలవచ్చు.

3. వెల్డింగ్: జీపు పైన క్యారియర్, వెనుక అదనపు మెట్టు వెల్డింగ్ చేయించడం ఇక్కడ మామూలు. బ్యాటరీ తీగలు తీయకుండా ఆర్క్ వెల్డింగ్ చేస్తే ఆ విద్యుత్తు ఎర్త్ మార్గాల ద్వారా ఈసీయూలోకి ప్రవేశించవచ్చు.

4. తప్పు జంపర్ కనెక్షన్: చలి ఉదయాన బ్యాటరీ బలహీనపడితే పక్క బండి నుంచి తీగలు తగిలిస్తారు. ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యూజులు పోవచ్చు. ఒక్కొక్కసారి ఈసీయూ కూడా పోతుంది.

5. ఎలుకలు: ఇంజిన్ వెచ్చదనానికి చేరి తీగలు కొరుకుతాయి. ఇది ఈసీయూ లోపం కాదు, కాని లక్షణాలు అలాగే కనిపిస్తాయి.

9.4 లోప నిర్ధారణ దశలు

కింది దశలను ఇదే వరుసలో చేయండి. ఒక దశ పూర్తి కాకుండా తరువాతి దశకు వెళ్లకండి. ప్రతి రీడింగునూ కాగితం మీద రాసుకోండి.

9.4.1 మొదటి దశ – బ్యాటరీ, ఫ్యూజు, రిలే

పూర్తి చార్జిలో ఉన్న బ్యాటరీ విశ్రాంతి స్థితిలో దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది దాదాపు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోకూడదు. పడిపోతే ఈసీయూ మధ్యలో రీసెట్ అవుతుంది, ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ చార్జి చేసి మళ్లీ పరీక్షించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా వాహనాల్లో 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. ఆ తరువాత ఈసీయూ ఫ్యూజులను, మెయిన్ రిలేను చూడండి.

9.4.2 రెండవ దశ – లోడ్ మీద సరఫరా, ఎర్త్ పరీక్ష

మీటరు ఒక్కటే పెట్టి 12 వోల్టులు ఉన్నాయని తృప్తి పడకూడదు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులే చూపుతుంది. అందువల్ల బల్బు పరీక్ష చేయాలి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూ కప్లర్ విప్పండి. మళ్లీ బ్యాటరీ కలిపి, వైరింగ్ బొమ్మ ప్రకారం కప్లర్‌లోని సరఫరా పిన్నుకూ, ఎర్త్ పిన్నుకూ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. మెయిన్ రిలే ద్వారా వచ్చే పిన్నులను పరీక్షించేటప్పుడు ఆ రిలే ఆన్‌లో ఉండాలి. బల్బు నిండుగా వెలిగితే సరఫరా, ఎర్త్ రెండూ బాగున్నట్టు. మసకగా వెలిగితే లోపం తీగలోనో, ఎర్త్ బోల్టు దగ్గరో ఉంది. సెన్సార్ తీగల మీద మాత్రం ఈ బల్బు ఎప్పుడూ వాడవద్దు.

కప్లర్ తిరిగి బిగించి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కూ ఈసీయూ ఎర్త్ పిన్నుకూ మధ్య వోల్టేజి కొలవండి. అది 0.1 వోల్టుకు దగ్గరగా ఉండాలి. 0.5 వోల్టు వస్తే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, తిరిగి బిగించండి. "కంప్యూటర్ పోయింది" అన్న బండి ఈ ఒక్క పనితో నడిచిన సందర్భాలు ఉంటాయి.

9.4.3 మూడవ దశ – స్కానర్ తో సంభాషణ

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించండి. ఇందులో 16వ పిన్ను బ్యాటరీ ప్లస్. 4, 5 పిన్నులు ఎర్త్. స్కానర్ అసలు వెలగకపోతే ముందు ఈ పిన్నుల ఫ్యూజు చూడాలి.

స్కానర్ ఈసీయూతో మాట్లాడితే లోప సంకేతాలు చదవండి. ముఖ్యమైనవి కొన్ని:

పి0562 – వ్యవస్థ వోల్టేజి తక్కువ. ఇది సరఫరా లోపాన్ని సూచిస్తుంది.
పి0335 – క్రాంక్ సెన్సార్ సర్క్యూట్.
పి0641 – 5 వోల్టుల రిఫరెన్స్ సర్క్యూట్.
పి0601 – ఈసీయూ మెమరీ చెక్‌సమ్ దోషం.
పి0604 – లోపలి ర్యామ్ దోషం.
పి0606 – ప్రాసెసర్ దోషం.
యు0100 – ఇతర యూనిట్లకు ఈసీయూతో సంబంధం తెగింది.

పి0601, పి0604, పి0606 ఈసీయూ లోపలి లోపాన్ని సూచిస్తాయి. అయినా వీటిని చూసిన వెంటనే యూనిట్ మార్చమని చెప్పకూడదు. బ్యాటరీ బలహీనత వల్ల కూడా ఇవి ఒకసారి నమోదు కావచ్చు. సరఫరా సరిచేసి, సంకేతాలు చెరిపి, బండి నడిపి చూడండి. మళ్లీ మళ్లీ వస్తేనే అనుమానం బలపడుతుంది. యు0100 సంకేతం ఈసీయూ మౌనంగా ఉందని మాత్రమే చెబుతుంది. ఎందుకు మౌనంగా ఉందో చెప్పదు.

9.4.4 నాలుగవ దశ – 5 వోల్టుల రిఫరెన్స్

ఇగ్నిషన్ ఆన్ చేసి ఏదైనా మూడు తీగల సెన్సార్ కప్లర్ వద్ద 5 వోల్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆ లైను మీద ఉన్న సెన్సార్లను ఒక్కొక్కటిగా విప్పండి. ఏ సెన్సార్ విప్పగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో లోపం ఆ సెన్సార్‌దే. అన్నీ విప్పినా రాకపోతే బ్యాటరీ తీసి, ఈసీయూ కప్లర్ విప్పి, ఆ తీగకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం కొలవండి. కొద్ది ఓములు మాత్రమే చూపితే తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. తీగ తెగలేదని కూడా రెండు చివరల మధ్య కొలిచి నిర్ధారించుకోండి. తీగ అన్ని విధాలా బాగుండి, సరఫరా, ఎర్త్ కూడా బాగుండి, 5 వోల్టులు రాకపోతే అప్పుడు ఈసీయూ లోపలి రెగ్యులేటర్ పోయిందని చెప్పవచ్చు.

9.4.5 ఐదవ దశ – క్యాన్ లైన్లు

స్కానర్ ఈసీయూతో మాట్లాడకపోతే బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్ 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవండి. క్యాన్ లైన్ల రెండు చివరలా 120 ఓముల నిరోధాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. సాకెట్‌కూ ఈసీయూకూ మధ్య గేట్‌వే ఉన్న వాహనాల్లో ఈ లెక్క మారుతుంది. అందుకని ఆ వాహనం వైరింగ్ బొమ్మ చూసుకోవాలి.

9.4.6 ఆరవ దశ – ఎత్తుతో సరిపోల్చడం

కొండ ప్రాంతంలో పనిచేసే మీకు ఒక సులువైన పరీక్ష అందుబాటులో ఉంది. చాలా ఈసీయూల లోపల వాతావరణ పీడన సెన్సార్ ఉంటుంది. స్కానర్‌లో ఆ విలువ చదవవచ్చు. సముద్ర మట్టం వద్ద, అంటే విశాఖపట్నం బీచ్ రోడ్డులో, అది సుమారు 101 కిలోపాస్కల్ చూపాలి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలోని సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అదే సెన్సార్ సుమారు 90 చూపాలి. లోయలోకి దిగితే విలువ కొద్దిగా పెరుగుతుంది. ఘాట్ ఎక్కినా విలువ 101 దగ్గరే నిలిచిపోతే సెన్సార్ పనిచేయడం లేదని అర్థం. అప్పుడు ఈసీయూ గాలి చిక్కగా ఉందనుకొని ఎక్కువ ఇంధనం పంపవచ్చు. కొన్ని డీజిల్ బండ్లు ఘాట్‌లో నల్లపొగ వదలడానికి ఇది ఒక కారణం. సెన్సార్ ఈసీయూ లోపల ఉంటే యూనిట్‌కు గాలి అందే చిన్న రంధ్రం దుమ్ముతో మూసుకుందేమో ముందు చూడండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. మీటరు 12 వోల్టులు చూపినా బల్బు పరీక్ష ఎందుకు చేయాలి?
2. క్యాన్ లైన్ల మధ్య 120 ఓములు వస్తే ఏమి అర్థం?

9.5 ఒక ఉదాహరణ

పాడేరు నుంచి అరకు వస్తున్న డీజిల్ జీపు వానలో ఆగిపోయిందనుకోండి. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. దగ్గరి షెడ్‌లో చూసి, కంప్యూటర్ పోయిందని, విశాఖపట్నం నుంచి తెప్పించాలని చెప్పారు. బండికి నెలనెలా వాయిదా కట్టాలి. రెండు రోజుల్లో సంత ఉంది. యజమాని అప్పు చేయడానికి సిద్ధపడుతూ మిమ్మల్ని అడిగాడు: "ఒక్కసారి మీరు కూడా చూడండి బాబూ." మీరు ఎలా ముందుకు వెళతారు?

బ్యాటరీ 12.4 వోల్టులు, సెల్ఫ్ కొడితే 10.3. బాగుంది. బల్బు నిండుగా వెలిగింది. సరఫరా, ఎర్త్ బాగున్నాయి. స్కానర్ మాట్లాడింది, పి0641 చూపింది. అంటే ప్రాసెసర్ బతికే ఉంది. సెన్సార్ కప్లర్ వద్ద 5 వోల్టులకు బదులు 0.3 వోల్టు వచ్చింది. ఆ లైను మీది సెన్సార్లన్నీ విప్పినా మార్పు లేదు. బ్యాటరీ తీసి, ఈసీయూ కప్లర్ విప్పి కొలిస్తే తీగకూ ఎర్త్‌కూ మధ్య 3 ఓములు. వైరింగ్ కట్టను చేత్తో కదుపుతూ మీటరు చూస్తే ఒక బ్రాకెట్ దగ్గర విలువ మారింది. అక్కడ తొడుగు అరిగి తీగ ఇనుముకు తగులుతోంది. తడిలో ఆ స్పర్శ మరింత గట్టిపడింది.

తీగను అతికి, తొడుగు వేసి, బ్రాకెట్‌కు తగలకుండా కట్టాక 5 వోల్టులు వచ్చాయి. ఇంజిన్ స్టార్టయింది. అయిన ఖర్చు కొద్దిపాటి తీగ, టేపు, ఒక పూట శ్రమ.

ఈసీయూనే ముందు మార్చి ఉంటే ఏమయ్యేది? కొత్త యూనిట్ కూడా అదే తీగకు 5 వోల్టులు పంపలేక అదే సంకేతం చూపేది. ఖర్చు పోయేది, సంత పోయేది, బండి మాత్రం అక్కడే ఉండేది.

ఇదే ఉదాహరణలో తీగ, ఎర్త్ మధ్య స్పర్శ లేకుండా, తీగ తెగకుండా ఉండి, సెన్సార్లన్నీ విప్పినా 5 వోల్టులు రాకపోతే? అప్పుడు ఈసీయూయే లోపం అని మీరు ధైర్యంగా చెప్పవచ్చు. ఆ ధైర్యం స్కానర్ వల్ల రాదు, మీరు ఒక్కొక్కటిగా కొట్టివేసిన ఇతర కారణాల వల్ల వస్తుంది.

9.6 ఈసీయూను మార్చే విధానం

మార్చక తప్పదని తేలాక మూడు మార్గాలు ఉంటాయి: కొత్త యూనిట్, వాడిన యూనిట్, పాత యూనిట్ మరమ్మతు. రెగ్యులేటర్, డ్రైవర్ ట్రాన్సిస్టర్, టంకం అతుకు వంటి లోపాలను నైపుణ్యం ఉన్నవారు సరిచేయగలరు. వాడిన యూనిట్ కొనేటప్పుడు బయటి ఆకారం చూసి కొనకూడదు. పెట్టె మీది పార్ట్ నంబరు, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు సరిపోవాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న బండ్లలో వాడిన యూనిట్ పాత బండి తాళంతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పే వీలుందో లేదో ముందే తెలుసుకోకుండా డబ్బు ఇప్పించకండి.

దశలు:
1. పాత యూనిట్ స్కానర్‌తో మాట్లాడుతుంటే చాసిస్ నంబరు, ఇంజెక్టర్ కోడ్లు, బీఎస్-6 డీజిల్ అయితే మసి ఫిల్టరు విలువలు నమోదు చేసుకోండి.
2. యూనిట్ పోవడానికి బయటి కారణం ఏదైనా ఉంటే, ఉదాహరణకు షార్ట్ అయిన కాయిల్, నీరు కారే చోటు, దానిని ముందు సరిచేయండి. లేకపోతే కొత్తదీ పోతుంది.
3. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ మైనస్ తీయండి.
4. బండి ఇనుప భాగాన్ని తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోండి. పిన్నులను వేళ్లతో ముట్టవద్దు.
5. కప్లర్ లాక్ తెరిచి యూనిట్ తీయండి. పిన్నులు వంగాయా, చిలుము పట్టాయా చూడండి.
6. కొత్త యూనిట్‌ను అసలు స్థానంలోనే, అసలు రబ్బరు సీళ్లతో బిగించండి.
7. ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు తయారీదారు చెప్పిన స్థిరమైన వోల్టేజి ఉండాలి. మధ్యలో సరఫరా ఆగితే యూనిట్ పనికిరాకుండా పోవచ్చు. కరెంటు కోతలు ఉన్న చోట చార్జర్‌ను మాత్రమే నమ్మక, మంచి బ్యాటరీ తోడు ఉంచుకోండి. ల్యాప్‌టాప్ కూడా పూర్తి చార్జిలో ఉండాలి.
8. చాసిస్ నంబరు, తాళం గుర్తింపు, ఇంజెక్టర్ కోడ్లు, థ్రాటిల్ నేర్పు వరుసగా పూర్తి చేయండి.

9.7 మార్చిన తరువాత

సంకేతాలు చెరిపి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక రెండుసార్లూ స్టార్ట్ చేసి చూడండి. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత, రైలు పీడనం, వాతావరణ పీడనం సహజంగా ఉన్నాయేమో గమనించండి. తరువాత లోడుతో ఒక ఘాట్ ఎక్కి దిగండి. సంకేతాలు తిరిగి రాకపోతేనే పని పూర్తయినట్టు.

చివరిగా యజమానికి వివరించడం మీ పనిలో భాగమే. ఆయన మాట్లాడేది తెలుగు కావచ్చు, కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. మీరు రాసుకొన్న రీడింగుల కాగితం ఆయన చేతికి ఇవ్వండి. తీసిన పాత యూనిట్ కూడా తిరిగి ఇవ్వండి. వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ తీగలు తీయాలని, తయారీదారు సూచిస్తే ఈసీయూ కప్లర్ కూడా విప్పించాలని, ఇంజిన్‌ను నీటి ధారతో కడగవద్దని చెప్పండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. వాడిన యూనిట్ కొనే ముందు ఏ విషయాలు చూడాలి?
2. ప్రోగ్రామింగ్ సమయంలో స్థిర వోల్టేజి ఎందుకు అవసరం?

9.8 సారాంశం

ఈసీయూ సెన్సార్ల సమాచారం తీసుకొని, లెక్క కట్టి, ఇంజిన్‌ను నడుపుతుంది. తేమ, కుదుపు, వెల్డింగ్, తప్పు జంపర్ కనెక్షన్ దానికి ప్రధాన శత్రువులు. బ్యాటరీ, ఎర్త్, స్కానర్, 5 వోల్టుల రిఫరెన్స్, క్యాన్ లైన్లు అన్న వరుసలో పరీక్షించి, ఇతర కారణాలన్నీ తొలగిన తరువాతే యూనిట్ మార్చాలి. మార్చేటప్పుడు నంబర్లు సరిపోవాలి, పాత సమాచారం భద్రపరచాలి, మూల కారణాన్ని ముందు తొలగించాలి.

9.9 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1.1 కొద్ది పోగులే మిగిలిన తీగ కూడా మీటరుకు పూర్తి వోల్టేజి చూపుతుంది. లోడ్ పడినప్పుడే లోపం బయటపడుతుంది.
1.2 రెండు చివరి నిరోధాల్లో ఒకటి సర్క్యూట్‌లో లేదు.
2.1 పార్ట్, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు. ఇమ్మొబిలైజర్ ముడి విప్పే వీలు.
2.2 మధ్యలో సరఫరా ఆగితే మెమరీ అసంపూర్తిగా రాయబడి యూనిట్ పనిచేయకుండా పోవచ్చు.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఈసీయూ లోప నిర్ధారణలోని దశలను వరుసగా వివరించండి.
2. ఈసీయూ మార్చే విధానాన్ని, తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కొండ ప్రాంతాల్లో ఈసీయూ దెబ్బతినడానికి కారణాలేవి?
2. ఎత్తు మారినప్పుడు వాతావరణ పీడన సెన్సార్ విలువ ఎలా మారుతుంది? దానితో ఏమి తెలుసుకోవచ్చు?
3. మీ ఊరి టాక్సీ స్టాండులో ఒక డ్రైవరును కలిసి, ఆయన బండి చివరిసారి ఆగిన సందర్భం తెలుసుకోండి. ఈ పాఠంలోని ఏ దశ వద్ద ఆ లోపం బయటపడి ఉండేదో రాయండి.